గాలికి ఆగి పేరు పిలిచే హిసానో

సొంత తమ్ముడి ఇంటిపేరును మా ఇసోమినాతో రేవు బేస్‌బాల్ మైదానంలో చిట్టచివరి బెంచీ మీది ముసలివాళ్ళకు కూడా వినిపించేలా పిలవడం మా మరదలు సు హిసానో సాధించిన మొదటి విజయం. ఆ ఇంటిపేరు ఒక్క అక్షరమే. ఆ ఒక్క అక్షరం కోసం ఆమె మూడు వేసవులు కష్టపడింది.

ఇది అచ్చయ్యే ఈ వేసవి టోర్నమెంటు పుస్తకం బయటి జట్లవాళ్ళు కూడా చదువుతారు కాబట్టి ఒక మాట ముందే చెప్పాలి. మా రేవులో ఇంటిపేర్లు ఇంటి పనిని బట్టి పెట్టుకున్నవి. వెనిగర్ కాచే ఇల్లు సు. గాలాలు చేసే ఇల్లు త్సురి, అది మాది. గోడలు పూసేవారు కాబె, స్నానాల ఇల్లు నడిపినవారు ఫురో, బియ్యం అమ్మేవారు కొమె. పక్క ఊళ్ళవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. తొయామా తీరమంతా తిరిగినా ఇలాంటి పేర్లున్న జట్టు ఇంకొకటి దొరకదు.

హిసానో నా భార్యకు చెల్లెలు. బడి చదువు అయిపోగానే చేపల సంఘంలో లౌడ్‌స్పీకర్ దగ్గర కూర్చుంది. ఏ పడవ వచ్చింది, ఏ పడవలో తెల్లరొయ్య ఉంది అని తెల్లవారకముందే రేవంతా వినిపించేలా చెప్పేది. ఆ గొంతు విని మైదానంవాళ్ళు మైకు దగ్గరకు పిలిచారు. బ్యాటర్ల పేర్లు పిలిచే ఆడపిల్లను మా దగ్గర వసంతంలో కూసే ఉగుయిసు పిట్ట పేరుతో పిలుస్తారు. ఇరవై నిండకుండానే మా హిసానో మైదానం పిట్ట అయింది.

అయితే మా మైదానం సముద్రపు గట్టుకు ఆనుకుని ఉంది. జూలైలో మధ్యాహ్నం దాటితే సముద్రం మీది నుంచి ఆయి గాలి లేస్తుంది. యమాషిత లాంటి పేరు నుంచి గాలి ఒక అక్షరం ఎత్తుకుపోయినా మిగిలినవాటితో పని జరిగిపోతుంది. సు నుంచి ఒక అక్షరం పోతే ఏం మిగులుతుంది? మగపిల్లల పేరు వెనక మర్యాదకు తగిలించే కున్ ఒక్కటే. హిసానో తమ్ముడు తెరువో రేవు బడి జట్టులో నాలుగో బ్యాటర్, ఫీల్డింగులో షార్ట్‌స్టాప్. అక్క పిలిచేది, వీడు నడిచి వచ్చేవాడు, చూసేవాళ్ళకు మాత్రం ఎవరో దారి తప్పి మైదానంలోకి వచ్చినట్టుండేది. అవతలి జట్టు బెంచీ మీది నుంచి కేకలు వేసేవారు.

"ఒరేయ్, మీ వాడికి పేరు పెట్టడం మరిచిపోయారా?"

ఇంటికి వచ్చాక తెరువో అన్నం గిన్నె పక్కకు నెట్టి అక్క మీద పడేవాడు.

"నువ్వు నన్ను పిలుస్తున్నావా, వేడి టీ ఊదుకుంటున్నావా?"

"నీ చెవిలో ఉప్పు చేరింది, కడుక్కో" అనేది హిసానో. కానీ ఆ రాత్రి ఆమె కూడా అన్నం సరిగా తినేది కాదు. అది తన ఇంటిపేరు కూడా కదా.

ఆ రోజుల్లో నాది పీతల పడవ. హిసానో పొద్దున్నే గట్టు ఈ చివర నిలబడి పిలిచేది, ఆ చివర కట్టిన పడవలో నేను కూర్చుని వినపడితే చెయ్యి ఎత్తాలి. ముందు ఆమె గట్టిగా అరిచి చూసింది. తరవాత పాటలా సాగదీసి చూసింది. ఏదీ కుదరలేదు. చలిలో గొంతు చించుకుంటోందని ఒకసారి వినపడకపోయినా చెయ్యి ఎత్తాను. గట్టంతా నడిచి నా పడవ దగ్గరకే వచ్చింది.

"బావా, జాలిపడి చెయ్యి ఎత్తకు. నీ బుట్టలో పీతలు కూడా నవ్వుతున్నాయి."

చివరికి ఆమెకు తట్టింది అరవడం కాదు, ఆగడం. గాలి ఒక్కలాగే వీయదు. ఒక ఊపు వచ్చి పడిపోతుంది, పడిపోయాక కాసేపు ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో పేరు పెట్టాలి. పడవవాళ్ళం అల తగ్గినప్పుడే గట్టు మీదికి దూకుతాం. హిసానో పేరును అలా దూకించింది.

మూడో వేసవిలో కొండవైపు బడితో ఆట. తెరువో వంతు వచ్చింది. "నాలుగో బ్యాటర్, షార్ట్‌స్టాప్..." అని హిసానో ఆగింది. మైకు చెడిపోయిందేమోనని అంపైర్ పైకి చూశాడు. కొండవైపు పిల్లలు కేక వేయడానికి నోళ్ళు తెరిచారు. గట్టు మీది జెండా దిగి స్తంభానికి అంటుకుంది. అప్పుడు వచ్చింది.

"సు-కున్."

చివరి బెంచీ మీద ఎండుచేప నములుతున్న ముసలాయన తల తిప్పి చూశాడు. తెరువో టోపీ తీసి అక్క కూర్చున్న గది వైపు వంగాడు. ఆ తరవాత మూడు బంతుల్లో ఒక్కటీ తగలక గాలినే కొట్టి అవుటై వచ్చాడు, అది వేరే సంగతి. తప్పు పేరుది కాదు.

అక్కడి నుంచి ఆమె చేసినవి చెబుతాను, కాదనేవాళ్ళుంటే మా ఇంటికి రావచ్చు. తుపాను వచ్చిన ఏడాది కరెంటు పోతే గది కప్పు ఎక్కి రెండు జట్లనూ గొంతుతోనే పిలిచింది. తొయామా పట్నంలో జిల్లా ఫైనల్‌కు ఆమెను పిలిపించారు. వెళ్ళి పిలిచి, ముల్లంగి ఊరబెట్టే పని ఉందని సాయంత్రం బండికే తిరిగి వచ్చింది. తండ్రులను పిలిచింది, వాళ్ళ కొడుకులను పిలిచింది, ఇప్పుడు మనవళ్ళను పిలుస్తోంది. బంతి జారవిడిచి ఏడ్చినవాడినీ, బంతిని సముద్రంలోకి కొట్టినవాడినీ ఒకే గొంతుతో పిలుస్తుంది. పెళ్ళి సంబంధాలు వచ్చాయి, మంచివే వచ్చాయి. మా ఆవిడ ఎంత పోరినా ఆమెది ఒకటే జవాబు.

"పెళ్ళయితే ఇంటిపేరు మారుతుందక్కా. మూడు వేసవులు కష్టపడి నేర్చుకున్నది వదులుకుని యమాషిత అనిపించుకోనా?"

ఇక అసలు సంగతికి వస్తాను. వాన్‌పాకు నైన్.

ఆ బేస్‌బాల్ వీడియో గేము మొదటిసారి మా ఊరికి వచ్చినప్పుడు నా కూతురు చిన్న బడిలో ఉంది. తెర మీద ఆటగాళ్ళు ఎంత పొట్టిగా ఉండేవారంటే టోపీ కింద మనిషిని వెతుక్కోవాలి. మొదట్లో దానికి కీచుకీచు శబ్దాలే. అయినా ఏటా వసంతంలో కొత్తది వచ్చేది, ఏటా బియ్యం మాని బొమ్మలకు దిగిన కొమె వాళ్ళ కొట్టు ముందు పిల్లలు వరస కట్టేవారు. క్యాసెట్లు పోయి డిస్కులు వచ్చాయి, డిస్కులూ పోయే రోజులు వచ్చాయి, వాన్‌పాకు నైన్ మాత్రం ఆగలేదు. తరవాత తరవాత అందులో ఎవరి పేరుతో వాళ్ళు ఆటగాడిని చేసుకునే వీలు పెట్టారు. ఒక ఆడగొంతు ఆ పేరును మైదానంలో లాగే పిలిచేది. సైతో అని రాస్తే సైతో అనేది, నకగావా అని రాస్తే నకగావా అనేది.

మా పిల్లలు కాబె అని రాశారు. ఫురో అని రాశారు. త్సురి అని రాశారు. ఆ గొంతు "ఆరో నంబర్ బ్యాటర్" అంది, అంతే. జైల్లో పిలిచినట్టు.

సు వాళ్ళ కొట్టు మైదానం గోడకు ఎదురుగానే ఉంటుంది. ముందు వెనిగర్ పీపాలు, వెనక చాపలు పరిచిన గది, ఆ గదిలో టీవీ. పిల్లలు అక్కడే చేరేవారు. ఒకరోజు కాబె వాళ్ళ చినాత్సు, అప్పటికి తొమ్మిదేళ్ళ పిల్ల, గేము రిమోట్ చేతిలో పట్టుకుని ఏడుపు మొదలుపెట్టింది.

"హిసానో అత్తా, మా ఇంటిపేరు తప్పుడు పేరా?"

హిసానో సీసాకు మూత బిగిస్తోంది. చేతులు తుడుచుకుని లోపలికి వచ్చి టీవీ శబ్దం పూర్తిగా తగ్గించేసింది.

"ఆడు. నేనున్నా కదా."

గల్లాపెట్టె వెనక నిలబడి పిలిచింది. "ఆరో బ్యాటర్, రెండో బేస్..." అని ఆగింది. పిల్లలందరూ ఆమె వైపు తిరిగారు. "కాబె-సాన్."

చినాత్సు ముక్కు ఎగబీల్చి తెర మీది బంతిని గోడ అవతలికి కొట్టింది.

"అత్తా, ఇంట్లో గాలి లేదుగా, ఎందుకాగావ్?"

"బయట ఉందిగా."

అప్పటి నుంచి మా ఊళ్ళో వాన్‌పాకు నైన్ ఆడే పద్ధతి అదే. టీవీ నోరు మూయడం, హిసానో పిలవడం. సెలవులకు వచ్చిన చుట్టాల పిల్లలు మా టీవీలు చెడిపోయాయనుకునేవారు. మా పిల్లలు పెద్ద చదువులకు కనజవా వెళ్ళి, హాస్టల్ గదిలో గేము పెట్టగానే మొదట శబ్దం తగ్గించేవారు. తగ్గించి ఎదురుచూసేవారు. పక్కవాడు "ఏంట్రా చూస్తున్నావ్?" అంటే అప్పుడు గుర్తొచ్చేది పిలిచే మనిషి ఊళ్ళో ఉందని. నా కూతురూ ఇదే పని చేసి నవ్వులపాలైంది.

అలాగని హిసానో ఆశ వదులుకుందా? ఏటా కొత్త గేము వచ్చిన రోజు కొమె కొట్టు నుంచి మొదటి పెట్టె నేరుగా వెనిగర్ కొట్టుకే వచ్చేది. ఆరోజు మాత్రం శబ్దం పెట్టనిచ్చేది. పిల్లలు పేర్లు రాస్తుంటే తనకేమీ పట్టనట్టు సీసాలు తుడిచేది, తుడిచిన సీసానే మళ్ళీ తుడిచేది.

"ఈసారీ లేదా?"

"లేదత్తా. ఆరో నంబరే."

"సరే, తగ్గించండి."

ఊళ్ళో ఉన్న పిల్లలను ఆమె పిలుస్తుంది. ఊరు దాటినవాళ్ళను ఎవరు పిలుస్తారు? తన తరవాత ఎవరు పిలుస్తారు? ఆమె నోటితో ఎప్పుడూ అనలేదు గానీ, ఆ సీసా తుడవడంలో ఉన్నది ఆ దిగులే.

పోయిన శరదృతువులో చినాత్సు ఓసాకా నుంచి వచ్చింది. ఆ పిల్ల ఇప్పుడు వాన్‌పాకు నైన్ తయారుచేసే చోటే శబ్దాల పని చూస్తుంది. కొట్టులోకి వచ్చి కూర్చుని, టీ చల్లారిపోయేదాకా చెప్పలేక చెప్పలేక చెప్పింది.

"అత్తా, ఇన్నాళ్ళూ గేములో పిలిచినావిడ మానేస్తున్నారు. గొంతంతా మొదటి నుంచి మళ్ళీ రికార్డు చేస్తున్నాం. నువ్వొచ్చి మావాళ్ళకి ఒక్కసారి వినిపించు."

"నా గొంతుకి డెబ్భై ఏళ్ళొచ్చాయే."

"వెనిగర్ పాతబడితేనే కదా రుచి అని నువ్వే అమ్ముతావ్."

హిసానో నవ్వలేదు. "మన పేర్లుంటాయా?"

చినాత్సు తల దించుకుంది. మెషీన్‌లో మాటలు ముక్కలుముక్కలుగా ఉంటాయట. ఎన్నో బ్యాటర్ అన్నది ఒక ముక్క, ఏ చోట ఆడతాడన్నది ఒక ముక్క, పేరు ఒక ముక్క. మధ్యలో ఖాళీలు కోసి దగ్గరగా అతికిస్తారు. అలా అతికించినప్పుడు మరీ చిన్న పేరు తల తెగిపోతుంది. వెనక ఒకసారి ప్రయత్నించి, బాగాలేదని చిన్న పేర్లు పక్కన పెట్టారు. వాటితో పాటు అరుదైన పేర్లన్నీ పక్కకు పోయాయి.

"మా పెద్దాయన హయామి గారితో మాట్లాడాను. సు అన్న పేరు సరిగ్గా వస్తే మన ఊరి పేర్లన్నీ పెడదామన్నారు. రాకపోతే మామూలు పేర్లు మాత్రమే."

"సు రాకపోతే నేను మర్నాటి బండికే వచ్చేస్తా. ఊరి పేర్లు వదిలేసి సైతోలనీ నకగావాలనీ పిలవడానికి నాకు ఓసాకా ఎందుకే?"

అలా ఫిబ్రవరిలో, మంచు ఇంకా మోకాలి లోతున ఉండగా, బయలుదేరాం. తోడుగా నన్ను రమ్మంది. మా ఆవిడ చేప సుషి డబ్బాలు రెండు కట్టి ఇచ్చింది. దారిలో హిసానో తన డబ్బా విప్పలేదు, నాదే కాక తనదీ నేనే తిన్నాను.

రికార్డు చేసే గది గోడలు పరుపుల్లా మెత్తగా ఉన్నాయి. అక్కడ మాట నోట్లోంచి వచ్చి అక్కడే పడిపోతుంది. హయామి గారు మర్యాదస్తుడు, హిసానో కుర్చీ తానే సర్దారు. ఆమె మైకు ముందు కూర్చుంది. "నాలుగో బ్యాటర్, షార్ట్‌స్టాప్..." అని ఆగింది. తరవాత "సు-కున్."

"చాలా బాగుందండీ. కాకపోతే మధ్యలో ఆగనవసరం లేదు. ఇక్కడ గాలి ఉండదు కదా."

"అవునండీ, నిజమే" అంది హిసానో. మళ్ళీ చెప్పింది, మళ్ళీ ఆగింది. ఆమె ఆపుకోలేకపోతోందని నాకు అర్థమైంది. యాభై ఏళ్ళుగా జెండా దిగేదాకా ఆగిన మనిషి, జెండా లేదంటే నోరెలా కదుపుతుంది? పాపం హయామి గారు అలాగే రికార్డు చేయించారు. ఆ ఖాళీలు కోసేసి అతికించారు. సాయంత్రం మెషీన్ నుంచి వినిపించారు.

"నాలుగో బ్యాటర్, షార్ట్‌స్టాప్ కున్."

పేరు లేదు. తెరువో మళ్ళీ దారి తప్పి మైదానంలోకి వచ్చాడు.

బసలో వేడి వేడి నూడిల్స్ తెచ్చిపెట్టారు. హిసానో గిన్నె మీది ఆవిరి చూస్తూ కూర్చుంది.

"ఏం మరదలా, ఓసాకా వంట నచ్చలేదా? నీ వెనిగర్ పోసుకో మరి."

"బావా, అక్కడ గట్టుకు ఈ చివర నేనొక్కదాన్నే ఉన్నట్టుంది. ఆ చివర పడవ లేదు."

మర్నాడు చినాత్సును అడిగి, రికార్డు గది అద్దపు కిటికీ అవతల హిసానోకు ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాను. హిసానో నన్ను చూసి నవ్వు ఆపుకుంది. నిన్నటిలాగే పిలిచింది, నిన్నటిలాగే ఆగింది. హయామి గారు మెల్లగా ఊపిరి వదిలారు. అప్పుడు చినాత్సు అంది.

"సార్, ఆ ఆగడం పేరుకి ముందు ఖాళీ కాదు. అది పేరులో భాగం. మా ఊళ్ళో నన్ను కూడా అలాగే పిలిచేవారు. దాన్ని కొయ్యకుండా పేరు ముక్కతో కలిపి ఉంచి చూద్దాం."

"పిల్లలు శబ్దం పోయిందనుకోరూ?"

"మేం శబ్దం తీసేసే ఆడాం సార్. అసలు గేముకి గొంతుందన్న సంగతే నాకు కనజవా వెళ్ళాక గానీ గుర్తు రాలేదు."

హయామి గారు పెద్దగా నవ్వేశారు. "ఇన్నేళ్ళు మేం పడ్డ కష్టమంతా మీ ఊళ్ళో ఎవరూ వినలేదన్నమాట. సరే, కలిపి ఉంచండి."

కాసేపు మెషీన్ దగ్గర పని జరిగింది. తరవాత పెద్ద స్పీకర్లలోంచి జనం గోల వచ్చింది, గేములో జనం. అందులోంచి హిసానో గొంతు.

"నాలుగో బ్యాటర్, షార్ట్‌స్టాప్..."

ఆగింది. ఆ గోలలో ఆ ఖాళీ ఎంత ఉందో చెప్పలేను గానీ నాకు మా గట్టు మీది జెండా కనిపించింది.

"సు-కున్."

నా చెయ్యి దానంతట అదే లేచింది. అద్దం అవతల నుంచి హిసానో మైకులోనే అడిగింది.

"జాలిపడి ఎత్తావా బావా?"

"జాలేంటి! చెవుడొచ్చిన నా చెవికే వినపడింది!"

చినాత్సు మొహం తిప్పుకుని గోడ వైపు చూసింది. హయామి గారు మళ్ళీ వేయమన్నారు, మళ్ళీ విన్నారు. సు ఉంటుంది, మీ ఊరి పేర్లన్నీ ఉంటాయి అన్నారు. "ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయండీ మీ ఊళ్ళో?" అని అడిగారు. హిసానో కళ్ళు మూసుకుని రేవు చివర నుంచి మొదలుపెట్టింది. ఐసు కార్ఖానా సందు, వంతెన పక్క వరస, చేపల సంఘం వెనక ఇళ్ళు, ఒక్కో గడప ముందూ ఆగి పిలిచినట్టు చెబుతూ పోయింది. ఆమె మా వీధికి వచ్చేసరికి ఆయన టీ రెండోసారి తెప్పించారు. మూతపడ్డ ఇళ్ళ పేర్లు కూడా చెప్పింది. వాళ్ళ పిల్లలు ఎక్కడో అక్కడ ఉంటారుగా అంది.

జూన్‌లో హిసానో మళ్ళీ ఓసాకా వెళ్ళింది. దేశంలో ఉన్న ఇంటిపేర్లన్నీ పిలవాలి, ఊరికే అయ్యే పని కాదు. ఈసారి ఒక్కతే వెళ్ళింది, సుషి డబ్బా బండి కదలకముందే విప్పింది. కొట్టు నాకు అప్పగించింది. పీపాలు కలపడం చేతకావడం లేదని మా ఆవిడ వచ్చి నన్ను తరిమేస్తోంది. పిల్లలు మాత్రం బడి వదలగానే వస్తున్నారు. పాత గేము పెట్టి, అలవాటు ప్రకారం శబ్దం తగ్గించి, నా వైపు చూస్తున్నారు. ఒకరోజు ధైర్యం చేసి నేనే పిలిచాను.

"ఏడో బ్యాటర్, సెంటర్, ఫురో-కున్!"

"తాతా, గాలి ఇంకా తగ్గలేదు! అప్పుడే పిలిచేశావేంటి?"

"వేలంలో పీతల్ని అమ్మినట్టుంది తాతా నీ పిలుపు."

"వచ్చే వసంతంలో కొత్త గేము వస్తుందిరా, అందులో హిసానోయే పిలుస్తుంది, అప్పుడిక ఆమెతో మీకేం పని?" అన్నాను.

"మరి ఈ కొట్టుకి రాకూడదా?" అన్నారు. వాళ్ళు రావడం మానరు. వచ్చి శబ్దం పెట్టుకుని ఆమె ముందే ఆమె గొంతు వింటారు కాబోలు.

నిన్న హిసానో ఫోను చేసింది. సు ఇప్పటికి చాలాసార్లు పిలిచిందట, ప్రతిసారీ మెషీన్ సరిగ్గా పలికిందట. కాబె అయిపోయింది, కొమె అయిపోయింది. మా ఇంటిపేరు త్సురి పిలిచేటప్పుడు మాత్రం అద్దం అవతల ఖాళీ కుర్చీ చూసి నవ్వు వచ్చి రెండుసార్లు ఆపేయాల్సి వచ్చిందట. ఆ తరవాత గాలి సంగతి అడిగింది. ఆయి గాలి లేచింది, జెండా చినిగితే కొత్తది కట్టించాను అని చెప్పాను.

జిల్లా టోర్నమెంటు జూలై పదకొండు శనివారం మా మైదానంలో మొదలవుతుంది. మొదటి ఆట రేవు బడిది. నాలుగో బ్యాటర్ తెరువో మనవడు, షార్ట్‌స్టాప్. తెరువో ఇప్పుడు చివరి బెంచీ మీద కూర్చుంటాడు, ఎండుచేప తనే తెచ్చుకుంటాడు. మైకు తుడిచి గుడ్డ కప్పి ఉంచాను. హిసానో ఎక్కే బండి మా స్టేషన్‌కు చేరేది జూలై తొమ్మిది, గురువారం.